ఎర్రబడ్డ పసుపు

కిందటి వారం ఆదిలక్ష్మి లండన్ శివారు హారోలో, కూతురు కిరణ్మయి వంటగదిలో, ఐప్యాడ్ ముందు కూర్చుని ఉంది. ఆమె చూస్తున్నది లండన్‌లో గురువారం జరగబోయే వేలంపాట క్యాటలాగ్. ‘ద క్రో అండ్ ద ఫెర్రీ’ అనే పాత కార్టూన్ సినిమా తాలూకు బొమ్మలు తొమ్మిది అందులో ఉన్నాయి. సినిమా మొదలుకాక ముందు, కాకి ఎలా ఉండాలి, రేవు ఎలా ఉండాలి, వెలుగు ఏ పక్కనుంచి పడాలి అని వేసి చూసుకునే బొమ్మలవి. కాన్సెప్ట్ ఆర్ట్ అంటారు. అప్పట్లో పని అయిపోగానే పారేసేవారు. ఇప్పుడు వాటిని కొని గోడకు పెట్టుకునేవాళ్లు ఉన్నారు.

ఆ బొమ్మలన్నీ ఆదిలక్ష్మి భర్త రామాంజనేయులు వేసినవి. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. సొంత ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వచ్చేటప్పుడు ఆమె వాటిని చెల్లెలి కొడుకు రఘు చేతిలో పెట్టింది. “నీకే ఇస్తున్నాను. ఎక్కడ పెట్టినా కింద పెదనాన్న పేరు రాయి” అంది. క్యాటలాగ్‌లో చిత్రకారుడు అన్నచోట డెస్మండ్ హార్గ్రీవ్ అని ఉంది. ఆయన ఆ సినిమాకి ఆర్ట్ డైరెక్టర్. సేకరణ అన్నచోట రఘు పేరు ఉంది. రామాంజనేయులు పేరు ఎక్కడా లేదు.

ఆదిలక్ష్మి ఐప్యాడ్ మూసింది. కోటు తొడుక్కుంది. కూతురికి చెప్పకుండా బయటికి వచ్చింది.

*

హారోలో నూట నలభై నంబరు బస్సెక్కి, హేయెస్‌లో దిగి, రఘు ఉండే స్లౌకి రైలు పట్టుకుంది. దారి పొడుగునా రఘుని ఏమని తిట్టాలో కూర్చుకుంటూనే ఉంది. నార్తోల్ట్ దాటేసరికి తిట్లు అయిపోయాయి. హేయెస్‌లో దిగేసరికి మళ్లీ మొదటి తిట్టు దగ్గరికే వచ్చింది. రైల్లో ఎదురుగా కూర్చున్న కుర్రాడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, “ఆర్ యూ ఆల్‌రైట్?” అని అడిగాడు. పైకే తిడుతోందని అప్పుడు తెలిసింది.

స్లౌలో రఘు ఇల్లు, ఫ్యాక్టరీలుండే ట్రేడింగ్ ఎస్టేట్ వెనక వీధిలో ఉంది. తలుపు తీసింది అతని భార్య కావ్యశ్రీ. లోపలినుంచి పోపు వాసన వస్తోంది.

“అత్తయ్యగారూ! ఒక్కరే వచ్చారా? ఫోన్ చేస్తే ఈయన స్టేషన్‌కి వచ్చేవారు కదండీ.”

“ఫోన్ చేస్తే ఇంట్లో ఉండేవాడు కాదు. ఏడీ?”

కావ్యశ్రీ వెనక్కి తిరిగి భోజనాల గది వైపు చూసింది. ఆదిలక్ష్మి చెప్పులు విప్పి ఆ గదిలోకి నడిచింది.

భోజనాల బల్ల మీద తెల్లదుప్పటి పరిచారు. దుప్పటి మీద బొమ్మలు వరసగా పెట్టి ఉన్నాయి. రఘు వాటి మీదికి వంగి, బొమ్మకీ బొమ్మకీ మధ్య పల్చటి కాగితం సర్దుతున్నాడు. చేతులకు తెల్ల గుడ్డ గ్లౌజులు తొడుక్కున్నాడు.

“ఏరా, పెళ్లికొడుకువా? చేతులకి ఆ తొడుగులేంటి?”

రఘు నిటారుగా లేచాడు. “పెద్దమ్మా! నువ్వేంటి ఇలా, చెప్పకుండా...”

“తొడుగులెందుకురా అంటే?”

“ఉత్త చేత్తో ముట్టుకోకూడదు పెద్దమ్మా. చేతి జిడ్డు కాగితానికి అంటుతుంది.”

“మీ పెదనాన్న వీటి పక్కన కంచం పెట్టుకుని మినపట్టు తిన్నాడు. ఆ చేత్తోనే కుంచె పట్టాడు. జిడ్డట!”

రఘు గ్లౌజులు తీసి జేబులో పెట్టుకున్నాడు. “కూర్చో. కావ్యా, పెద్దమ్మకి మంచినీళ్లు.”

“నీళ్లు తాగడానికి రాలేదు. గురువారం పాట ఉందటగా. క్యాటలాగ్ చూశాను.”

“చూశావా?”

“నీ పేరుంది. బాగుంది. పెద్ద అక్షరాల్లో వేశారు. మీ పెదనాన్నది ఏ పేజీలో వేశారో చెప్పు. నా కళ్లకి కనపడలేదు.”

రఘు కుర్చీ లాగాడు కానీ కూర్చోలేదు. ఈ మాట ఎప్పటికైనా వస్తుందని అతనికి తెలుసు. పాట అయిపోయాక వస్తుందనుకున్నాడు.

“పెద్దమ్మా, అది నేను రాసింది కాదు. వేలంవాళ్లే రాసుకుంటారు. వాళ్లకి ఎక్స్‌పర్ట్స్ ఉంటారు.”

“నువ్వేం చెప్పావు వాళ్లకి?”

“మా ఫ్యామిలీలో ఉన్నాయని చెప్పాను. పెదనాన్న ఆ స్టూడియోలో పని చేసేవాడని చెప్పాను.”

“వేశాడని చెప్పావా?”

రఘు పల్చటి కాగితం ఒకటి తీసి మళ్లీ సర్దాడు.

“చెప్పావా అంటే?”

“స్టూడియోలో పని చేసేవాడని చెప్పాను” అన్నాడు మళ్లీ.

ఆదిలక్ష్మి బల్ల దగ్గరికి వచ్చింది. మొదటి బొమ్మలో నది ఉంది. నది మీద జనాన్ని దాటించే పంటు ఉంది. పంటు అంచున కాకి కూర్చుని ఉంది. అవతలి ఒడ్డున ఇసుక, ఇసుక మీద సాయంత్రం. ఆ సినిమా ప్రతి క్రిస్మస్‌కీ ఇక్కడి టీవీలో వస్తుంది. హార్గ్రీవ్ బతికుండగా దాని గురించి అడిగినవాళ్లకు, ఆ నదిని తాను ఎక్కడా చూడలేదనీ, జ్వరంలో కల వచ్చిందనీ చెప్పేవాడు. క్యాటలాగ్‌లో ఆ మాటే వేశారు.

“కల అట” అంది ఆదిలక్ష్మి. “ఇబ్రహీంపట్నంలో కృష్ణ రేవురా ఇది. పెళ్లయిన కొత్తలో ఈ పంటు మీదే అవతలికి దాటాం. ఆ లాంతరు కొక్కెం చూడు, పంటుకి ఎడమ పక్క. పంటువాడి నెత్తికి తగులుతుందని మా నాన్న దాన్ని పక్కకి కొట్టించాడు. ఆ దొరకి జ్వరంలో మా నాన్న కొట్టించిన కొక్కెం కల్లోకి వచ్చిందా?”

“నాకు తెలుసు పెద్దమ్మా, పెదనాన్న వేశాడని. నేను కాదన్నానా?”

“అవునని ఎక్కడన్నావు?”

కావ్యశ్రీ గ్లాసు తెచ్చి బల్ల అంచున పెట్టబోయి, బొమ్మలు చూసి, కిటికీ గట్టు మీద పెట్టింది. ఆదిలక్ష్మి గ్లాసు వైపు చూడలేదు. బొమ్మ మీదికి వంగింది. బొమ్మకు కుడివైపు కింది మూల, రంగు ఆగిపోయి ఉత్త కాగితం మిగిలిన చోట, వేలిముద్రంత మచ్చ ఉంది. ఎర్రటి మచ్చ.

రెండో బొమ్మ చూసింది. అదే మూల, అదే మచ్చ. మూడోది చూసింది. నాలుగోది చూసింది.

ఈ మచ్చ సంగతి క్యాటలాగ్‌లో ఉంది. హార్గ్రీవ్ తాను వేసి, తానే ఒప్పుకున్న కాగితం మీద బొటనవేలితో ఎర్రముద్ర వేసేవాడనీ, ఈ బొమ్మలు ఆయనవే అనడానికి ఆ ముద్రే సాక్ష్యమనీ రాశారు. ఐప్యాడ్‌లో చూసినప్పుడు ఆ ముద్ర ఏమిటో ఆదిలక్ష్మికి అంతుపట్టలేదు. తాను ఇచ్చినప్పుడు వీటి మీద ఎరుపు లేదు.

ఆమె తన ఉంగరపు వేలు చాపి మచ్చ మీద ఆనించింది. సరిపోయింది.

ఆ బొమ్మలు వేసేనాటికి వాళ్లు ఈస్ట్ హామ్‌లో, కిరాణాకొట్టు మీద ఒక గదిలో ఉండేవారు. రామాంజనేయులు కాగితాన్ని స్నానాలతొట్టిలో నానబెట్టి, చెక్కకు అంటించి ఆరబెట్టేవాడు. కొత్తబట్టకు పసుపు పెట్టనిదే ఒంటి మీద వేసుకోని ఇంట్లోనించి వచ్చింది ఆదిలక్ష్మి. కాగితం మాత్రం కొత్తది కాదా అనుకుని, మూల పసుపు అద్దింది. మొదటిసారి ఆయన కేకలేశాడు. ఆ బొమ్మ స్టూడియోలో అందరికీ నచ్చింది. రెండో కాగితం ఆరగానే ఆయనే పిలిచాడు. “లక్ష్మీ, పసుపు.” ఆ తరవాత పసుపు పెట్టనిదే ఆయన ఏ కాగితమూ మొదలుపెట్టలేదు.

“రఘూ” అంది. గొంతు తగ్గింది. కావ్యశ్రీ అది విని ఒక అడుగు వెనక్కి వేసింది. “వీటిని ఎవరు కడిగారు?”

“కడగడం అంటే... గ్యారేజీలో బాయిలర్ లీకైంది పెద్దమ్మా, పోయినేడు. ఫోల్డర్ తడిసింది. కాగితాలు చారలు పడ్డాయి. రెడింగ్‌లో పాత కాగితాలు బాగుచేసే ఆవిడ ఉంటే ఇచ్చాను. చాలా మంచి ఆవిడ. మ్యూజియంలకి చేస్తుంది.”

“దేంతో కడిగింది?”

“ఏదో సొల్యూషన్. కాగితంలో ఆసిడ్ పోవడానికి.”

“సున్నపు నీళ్లు.”

“అలాంటిదే.”

“పసుపులో సున్నం పడితే ఏమవుతుందిరా?”

రఘు నేల చూశాడు.

“నీ పెళ్లికి పారాణి కలిపింది నేనే. పళ్లెంలో పసుపేసి సున్నం కలుపుతుంటే నా పక్కన నించుని చూశావు. ఏమయింది పళ్లెంలో?”

“ఎర్రబడింది” అన్నాడు రఘు.

“ఆ రెడింగావిడకి తెలీదు. వేలంవాళ్లకి తెలీదు. వాళ్ల ఇళ్లల్లో పారాణి ఉందా? పెళ్లికి పాదాలకి పూసుకుంటారా? వాళ్లని నేనేమీ అనను. నీకు తెలుసు.”

“మొదట నాకూ తట్టలేదు పెద్దమ్మా, ఒట్టు. కావ్య చూసి చెప్పింది.”

“చెప్పాక?”

“అప్పటికే వాళ్లు రాసేశారు. ఎర్రముద్ర చూసి వాళ్లు ఎంత ఎక్సైట్ అయ్యారో నీకు తెలీదు. ఆ రోజుల్లో కొన్ని స్టూడియోల్లో అలా ముద్రలు వేసేవారట. ఇద్దరు పెద్దవాళ్లు వచ్చి చూసి, ఇది హార్గ్రీవ్ ముద్రే అని తేల్చారు. నేనేమీ అనలేదు.”

“అదేరా. నువ్వేమీ అనలేదు. నా వేలు తీసుకెళ్లి వాడి చేతికి అతికిస్తుంటే పక్కన నించుని చూశావు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని విన్నాను. మా ఇంట్లో పెద్దమ్మ వేలు కొడుకు దానం చేశాడు.”

“నాకు మాట్లాడే చాన్స్ ఇస్తావా?”

“ఇస్తాను. మాట్లాడు. నీ ముఖం చూస్తూ వింటాను.”

రఘు మాట్లాడాడు. ఆఫీసులో మీటింగ్‌లో మాట్లాడినట్టు, చేతులు కదుపుతూ మాట్లాడాడు. రామాంజనేయులు అని రాస్తే ఈ బొమ్మల్ని ఎవరూ చూడరన్నాడు. హార్గ్రీవ్ అంటే ప్రపంచమంతా వస్తుందన్నాడు. మ్యూజియంవాళ్లు అడుగుతున్నారన్నాడు. రేపు వీటిని అద్దం వెనక పెడతారు, పిల్లలు వచ్చి చూస్తారు, పెదనాన్న పని వందేళ్లు ఉంటుంది. అటకమీద చెదలు పట్టడం కన్నా అది నయం కాదా?

“నాకు ఆ సినిమా అంటే ప్రాణం పెద్దమ్మా. నీకు తెలుసు. బొమ్మలు బతకాలనే నేను...”

“ఎవరి పేరుతో?”

“పేరు ఎవరిదైతే ఏం...”

అతను మాట పూర్తి చెయ్యలేదు. ఆదిలక్ష్మి అరచేత్తో బల్ల మీద కొట్టింది. పల్చటి కాగితాలు లేచి పడ్డాయి.

“ఎవరిదైతే ఏమా? మరి నీది వేయించుకున్నావేంరా? నీది తీసేయించు. సేకరణ ఫలానా కిట్టయ్య అని వేయించు. ఎవరిదైతే ఏం?”

రఘు లేచిపడ్డ కాగితాలు సర్దబోయాడు.

“ఈ దేశం వచ్చి నా ఇంట్లో రెండేళ్లు ఉన్నావు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి చూశాను గానీ, వాసాలు ఊడబీకి పక్కింటివాడికి మోసేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. కిరణ్మయి చిన్నప్పుడు ఈ సినిమా అయిపోయాక టీవీ ముందు నించునేది. పైకి పోతున్న పేర్లన్నీ చదివేది. నాన్న పేరు రాలేదేం అని అడిగేది. అందరివీ పట్టవమ్మా అనేవాడు ఆయన. ప్రతి క్రిస్మస్‌కీ అడిగేది, ప్రతి క్రిస్మస్‌కీ అదే చెప్పేవాడు. తరవాత అది అడగడం మానేసింది. ఆయన ఆ సినిమా చూడడం మానేశాడు. ఆయన్ని గోల్డర్స్ గ్రీన్ శ్మశానంలో ఒకసారి కాల్చాం. నువ్వు మళ్లీ కాలుస్తున్నావు.”

“నువ్వేం చెయ్యమంటావు ఇప్పుడు?” అన్నాడు రఘు. అతని గొంతు కూడా లేచింది. “వెనక్కి తెచ్చుకోమంటావా?”

“నాకెందుకురా వెనక్కి? నీకిచ్చాను, నీవే. అమ్ముకో. పేరు మార్చి అమ్ముకో. రామాంజనేయులు వేశాడని రాయించి, ఎవడికి కావాలంటే వాడికి అమ్ముకో. గురువారంలోగా రాయించు. ఒకసారి హార్గ్రీవ్ అని గోడకెక్కితే ఇక దింపేవాడు లేడు.”

డోర్‌బెల్ మోగింది.

రఘు గడియారం చూశాడు. “వేలంవాళ్లు. బొమ్మలు తీసుకెళ్లడానికి.” అతను పెద్దమ్మ దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకోబోయాడు. “పెద్దమ్మా, ప్లీజ్. వాళ్ల ముందు వద్దు. సాయంత్రం మాట్లాడుకుందాం. నేనే డ్రాప్ చేస్తాను.”

ఆదిలక్ష్మి చేతులు వెనక్కి తీసుకుంది.

*

వచ్చిన ఆవిడ పేరు జూలియా హార్ట్‌లీ. గది గుమ్మంలోనే ఆగింది. గదిలో గొడవ జరిగిందని ఆమెకు అర్థమైంది. ఆదిలక్ష్మిని చూసి నవ్వి, హలో చెప్పింది.

“మా ఆంటీ” అన్నాడు రఘు ఇంగ్లీషులో. “ఈమధ్య ఆవిడకి ఒంట్లో బాగుండడం లేదు.”

ఆదిలక్ష్మి నలభై ఏళ్లకు పైగా ఈ దేశంలో ఉంది. అందులో ఇరవై ఏళ్లు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుంది. ఆమె ఇంగ్లీషుకు ఏమీ లోటు లేదు.

“నాకు బాగానే ఉంది” అంది. “నా కూతురు డాక్టరు. అనుమానం ఉంటే దాని క్లినిక్ నంబరు ఇస్తాను. నేను ఈ బొమ్మలు వేసినాయన భార్యని.”

జూలియా ముఖంలో నవ్వు అలాగే ఉంది. “మిసెస్ హార్గ్రీవ్ పోయి చాలాకాలమైంది” అంది.

“నేను మిసెస్ హార్గ్రీవ్‌ని అనలేదు.”

జూలియా సంచి కింద పెట్టింది. రఘు వైపు చూసింది. రఘు కిటికీలోంచి వీధిలో ఆగిన వ్యాను చూస్తున్నాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, చెప్పమంది.

ఆదిలక్ష్మి చెప్పింది. రేవు గురించీ, కొక్కెం గురించీ చెప్పింది. జూలియా తలూపింది. ఇలాంటివి తనకు ఉత్తరాలు వస్తూనే ఉంటాయనీ, కుటుంబాలకు జ్ఞాపకాలు ఉంటాయనీ, తనకు సాక్ష్యం కావాలనీ అంది. మర్యాదగానే అంది. ఆ మర్యాదకు ఆదిలక్ష్మికి ఒళ్లు మండింది.

“మీ సాక్ష్యం ఆ ఎర్రముద్రే కదా?”

“ముఖ్యంగా అదే.”

“అది సిరా కాదు. వంటింట్లో పసుపు. నా వేలు. మావాడు సున్నపు నీళ్లతో కడిగిస్తే ఎర్రబడింది.” వంటగది వైపు తిరిగి తెలుగులో కేకేసింది. “కావ్యా! పులిహోరకి కోసిన నిమ్మచెక్క ఉంటే పట్రా. చెవిలో పెట్టుకునే దూదిపుల్లలు కూడా తే.”

కావ్యశ్రీ కదల్లేదు. భర్తను చూసింది.

“వాణ్ణేంటి చూస్తావు? నిమ్మచెక్కకి కూడా పర్మిషనా?”

కావ్యశ్రీ వెళ్లి తెచ్చింది. బల్ల మీద పెడుతూ, “అన్నీ చూడాల్సిన పనేముంది అత్తయ్యగారూ, ఒక్కటి చాలదా?” అంది. ఆదిలక్ష్మి ఆ మాట పట్టించుకోలేదు.

జూలియా లేచి నించుంది. “కాగితం మీద నిమ్మరసం వెయ్యనివ్వలేను, సారీ.”

“బొమ్మ మీద కాదు. మూల, ఫ్రేము కిందికి పోయే చోట. మచ్చలో ఒక్క చుక్క. పులుపు తగిలితే, ఎర్రబడ్డ పసుపు మళ్లీ పసుపురంగుకి వస్తుంది. నేను చెప్పింది అబద్ధమైతే ఎరుపు ఎరుపుగానే ఉంటుంది, మీరు నన్ను బయటికి పంపించొచ్చు. నిజమైతే గురువారం మీరు ఏం అమ్ముతున్నారో మీకు ఇప్పుడే తెలుస్తుంది. తరవాత తెలిస్తే ఎవరికి నష్టం?”

జూలియా కొంతసేపు మచ్చను చూసింది. తరవాత మొదటి బొమ్మను తన వైపు తిప్పుకుంది. “నేను చేస్తాను” అంది.

ఆమె దూదిపుల్లను నిమ్మచెక్క మీద అద్ది, వేలితో నొక్కి తడి తీసేసి, మచ్చ అంచున ఆనించింది.

ఎరుపు అంచున వెలిసింది. వెలిసినచోట పసుపు వచ్చింది. కూరల్లో వేసుకునే పసుపు.

జూలియా వంగి చూసింది. కళ్లజోడు తీసి చూసింది. రెండో బొమ్మ తీసుకుంది. పసుపు. మూడోది తీసుకుంది. ఒక్కోదానికీ కొత్త పుల్ల వాడింది. ఎనిమిదో బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆమె మర్యాదగా నవ్వడం మానేసింది. ఆదిలక్ష్మికి ఆ ముఖం నచ్చింది. ఇప్పుడు ఈ మనిషితో మాట్లాడవచ్చు అనుకుంది.

“ఒక మగవాడి బొటనవేలు అనుకున్నాం” అంది జూలియా.

“మీ హార్గ్రీవ్ ఆరడుగుల మనిషి. ఇది ఆయన బొటనవేలు ఎలా అవుతుంది?” ఆదిలక్ష్మి తన వేలు బల్ల మీద, మచ్చ పక్కన పెట్టింది.

జూలియా ఫోన్ తీసింది. “మా డైరెక్టర్‌తో మాట్లాడాలి. ఆ చివరిది నేను వచ్చాక చూద్దాం.” హాల్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

ఆదిలక్ష్మి రఘు వైపు తిరిగింది. గెలిచానని అనుకుంది. రఘు ముఖంలో ఓడినవాడి కోపం ఉంటుందనుకుంది. అతని ముఖంలో కోపం లేదు. భయం ఉంది. అతను తొమ్మిదో బొమ్మను చూస్తున్నాడు.

తొమ్మిదో బొమ్మ రాత్రి రేవు. నీళ్లలో లాంతరు నీడ. ఆదిలక్ష్మికి బాగా గుర్తున్న బొమ్మ. ఆమె పుల్ల అందుకుంది.

కావ్యశ్రీ వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. “అత్తయ్యగారూ, అది వద్దు.”

“ఏం?”

కావ్యశ్రీ వదల్లేదు. ఆదిలక్ష్మి చెయ్యి విడిపించుకుని మచ్చ మీద పుల్ల ఆనించింది. చూసింది. ఇంకొంచెం రసం అద్దింది. ఎరుపు ఎరుపుగానే ఉంది.

“ఇది నా వేలు కాదు” అంది.

“నాది” అంది కావ్యశ్రీ.

రఘు హాల్లోకి వినపడకుండా మాట్లాడాడు. “లీకైనప్పుడు ఆ ఒక్కటీ పూర్తిగా పోయింది పెద్దమ్మా. రంగంతా కారిపోయింది. అప్పటికే తొమ్మిదింటికీ ఫొటోలు పంపించాను. కావ్య ఫైన్ ఆర్ట్స్ చేసింది కదా. ఫొటో చూసి వేసింది. మిగతావి ఎర్రబడి వచ్చాక, దీనికీ ఎరుపు పెట్టాల్సి వచ్చింది.”

“నేను వద్దన్నానండీ” అంది కావ్యశ్రీ. ఆమె కళ్లనిండా నీళ్లున్నాయి. “ఒకసారి కాదు.”

ఆదిలక్ష్మి బొమ్మ చూసింది. లాంతరు నీడ సరిగ్గానే ఉంది. కొక్కెం ఎడమ పక్కనే ఉంది. ఆమె కూడా పోల్చుకోలేకపోయింది. ఆ సంగతికి ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది.

“ఇప్పుడు నా మాట విను” అన్నాడు రఘు. “ఇది ఒక్కటి ఎరుపుగా ఉందని తెలిస్తే, ఎవరు వేశారని అడుగుతారు. ఇంట్లో వేశామని తెలిస్తే, మిగతా ఎనిమిదీ ఇంట్లో వేసినవే అంటారు. పసుపు కూడా మనమే పూశామంటారు. పసుపు ఎవరింట్లో ఉంటుంది పెద్దమ్మా? మనింట్లోనే కదా. అప్పుడు హార్గ్రీవ్ పేరూ ఉండదు, పెదనాన్న పేరూ ఉండదు. దొంగబొమ్మలు అని ఉంటుంది. అలిసిపోయాను, ఇక చాలు అని చెప్పు. ఆవిడ ఒప్పుకుంటుంది.”

“నోర్ముయ్.”

“నాకోసం కాదు. పెదనాన్న కోసం.”

“ఆయన పేరు నీ నోట్లోంచి ఇంకోసారి వస్తే చెంప పగలగొడతాను. ఇంతసేపూ రాని పేరు ఇప్పుడొచ్చిందా?”

తలుపు తెరుచుకుంది. జూలియా చేతిలో ఫోన్ ఇంకా వెలుగుతూనే ఉంది. ఆమె నేరుగా ఆదిలక్ష్మి దగ్గరికి వచ్చింది.

“మా డైరెక్టర్ ఒప్పుకున్నారు. హార్గ్రీవ్ పేరు తీసేస్తాం. తొమ్మిదింటి మీదా ఒకే ముద్ర ఉంటే, అది మీదే అని తేలితే, ఈ రాత్రికే మీ ఆయన పేరు వేస్తామన్నారు.” ఆమె జేబులోంచి పెన్ను తీసింది. “స్పెల్లింగ్ చెప్పండి, సరిగ్గా రాసుకుంటాను. అన్నట్టు, ఆ చివరిదొక్కటి మిగిలింది కదా?”

రామాంజనేయులు పేరులో అక్షరాలు ఒక్కోటి చెప్పమని ఈ దేశంలో ఎవరూ ఆమెను ఎప్పుడూ అడగలేదు. రఘు ఆమెనే చూస్తున్నాడు. కావ్యశ్రీ చేతులు పైట కింద దాచుకుంది. తొమ్మిదో బొమ్మ మూల నిమ్మరసం తడి ఇంకా ఆరలేదు.

ఆదిలక్ష్మి పుల్లను బల్ల మీద పెట్టింది.

“మిస్ హార్ట్‌లీ” అంది. “ముందు మీరు కూర్చోండి.”